చింతకొమ్మకు ఉయ్యాల

పిల్లలకు పెరట్లో ఉయ్యాల వేస్తున్నామని తెలిసిన వారందరూ మమ్మల్ని తాడు గురించే అడిగారు. ఎంత లావు తాడు, ఎక్కడ కొన్నారు, ఎంత బరువు ఆపుతుంది అన్నవే వారి ప్రశ్నలు. కొమ్మ ఎలాంటిదని అడిగినవారు దాదాపు లేరు. ఈ పనిలో పెట్టే శ్రద్ధలో ముప్పాతిక వంతు కొమ్మకూ చెట్టుకూ చెందాలని, తాడూ పీటా మిగిలిన పావులో సర్దుకుంటాయని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. అనకాపల్లికి దగ్గరలోని మా ఊరి ఇంట్లో ఈ ఉయ్యాల ఎలా వేశామో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, ఇంట్లో పిల్లలూ పెరట్లో చెట్టూ ఉన్నవారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా అమ్మ చిన్నతనంలో ఉయ్యాల అంటే అట్లతద్ది ఉయ్యాలే. ఆశ్వయుజ బహుళ తదియ నాడు, అంటే దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజుల్లో, ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి, గోంగూర పచ్చడీ పెరుగూ వేసుకుని అన్నం తిని, చీకటితోనే ఉయ్యాల దగ్గరికి పరుగు తీసేవారట. ఊళ్ళో ఏదో ఒక పెద్ద చెట్టుకు కొత్తగా పేనిన మోకుతో ఉయ్యాల వేసేవారు. పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ మోకును విప్పి ఎడ్లబండికో గడ్డిమోపులు కట్టడానికో వాడుకునేవారు. తాడు కొత్తది, ఉయ్యాల ఉండేది కొద్ది రోజులు. అందువల్ల తాడు చీకిపోయే ప్రసక్తీ, కొమ్మ బెరడు నలిగే ప్రసక్తీ వచ్చేవి కావు. మనం ఇప్పుడు పిల్లలకు వేస్తున్నది ఏడాది పొడవునా ఉండే ఉయ్యాల. ఎండలూ వానలూ తుపాన్లూ దాని మీదుగానే వెళ్తాయి. ఈలోగా చెట్టు కూడా లావెక్కుతుంది. పండుగకు వేసిన పద్ధతిలోనే తాడును కొమ్మకు చుట్టి, ముడివేసి, ఏళ్ళ తరబడి వదిలేయడం వల్లనే చెట్లకూ పిల్లలకూ కూడా కీడు జరుగుతోందని నా అభిప్రాయం.

మా పెరట్లో ఒక మామిడి, రెండు వేపలు, ఒక మునగ, కాలువ గట్టు వైపు ఒక పాత చింత ఉన్నాయి. మునగచెట్టు ఎక్కించడమన్న మాట మనకు ఊరికే రాలేదు కాబట్టి దాని గురించి చెప్పవలసింది లేదు. తురాయి ఒకటి ఉండేది, కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు అది వేళ్ళతో సహా ఒరిగిపోయింది. గొడుగులా పరుచుకున్న దాని కొమ్మలు ఉయ్యాల కోసమే పెరిగినట్టు కనిపించేవి గానీ, తురాయి చెక్క పెళుసు, వేళ్ళు పైపైనే పాకుతాయి. అది నిలిచి ఉన్నా నేను దానిని ఎంచుకునేవాణ్ణి కాదు. వేప మామూలుగా నమ్మదగిన చెట్టే. అయితే 2021లో తెలంగాణలో వేపచెట్లు చిటారు కొమ్మల నుంచి కిందికి ఎండుకుంటూ రావడం చాలామంది చూసే ఉంటారు. శిలీంధ్రం వల్ల వచ్చే ఆ ఎండుతెగులు ఆనవాళ్ళు మా వేపల మీద కూడా కనిపించాయి. మళ్ళీ చిగురించినా, ఎండిన భాగం ఎంత లోపలికి దిగిందో బయటి నుంచి తేల్చలేము. మామిడికి లావైన అడ్డకొమ్మలు ఉన్నాయి, కానీ ఒక కొమ్మ మొదట్లో రంపపు పొట్టు లాంటి పొడి రాలుతోంది. అది కాండం తొలిచే పురుగు పని. ఇక మిగిలింది చింత. చింతకర్ర బరువైనది, సాగే గుణం ఉన్నది. ఈదురుగాలికి వంగుతుందే తప్ప తొందరగా విరగదు. హుద్‌హుద్ నాడు మా చింత రెమ్మలూ ఆకులూ పోగొట్టుకుంది కానీ పెద్ద కొమ్మ ఒక్కటీ విడిచిపెట్టలేదు. చింతచెట్టు కింద పిల్లల్ని ఆడించడం మా అమ్మకు మొదట్లో ఇష్టం లేకపోయింది. పొద్దుగూకాక ఎవరూ ఉయ్యాల ఎక్కకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. చీకట్లో ఉయ్యాల ఊగకపోవడం వేరే కారణాల వల్ల కూడా మంచిదే కాబట్టి ఆ షరతును ఇంటిల్లిపాదీ పాటిస్తున్నాము.

చెట్టు కుదిరాక కొమ్మ. ఉయ్యాల కొమ్మ కనీసం 8 అంగుళాల మందం ఉండాలి. మందాన్ని కంటితో అంచనా వేయడం కంటే టేపుతో చుట్టుకొలత తీయడం తేలిక. ఉయ్యాల వేలాడదీసే చోట చుట్టుకొలత 25 అంగుళాలు వస్తే మందం 8 అంగుళాలు ఉన్నట్టు. మందం విషయంలో రాజీ పడకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. గుండ్రని కొమ్మ మందం రెండింతలైతే, వంపును తట్టుకునే బలం రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. అలాగే మాను నుంచి ఎంత దూరంగా వేలాడదీస్తే కొమ్మ మొదట్లో పడే ఒత్తిడి అంతకంతా పెరుగుతుంది. ఈ కారణంగా ఉయ్యాల మానుకు దగ్గరగా ఉండాలి, కానీ పక్కకు ఒరిగిన పిల్ల మానుకు తగలనంత ఎడంగానూ ఉండాలి. మేము దగ్గరి తాడును మానుకు 5 అడుగుల దూరంలో పెట్టాము. కొమ్మ మానుతో కలిసే చోటు కూడా చూడాలి. కొమ్మా మానూ ఇరుకైన చీలికలా, మధ్యలో బెరడు నొక్కుకుపోయి కలిసి ఉంటే అక్కడ చెక్క సరిగా అతుక్కోలేదని అర్థం. అలాంటి కొమ్మ ఎంత లావైనా పనికిరాదు. విశాలమైన కోణంలో బయటికి వచ్చి, మొదట్లో మెడలా ఉబ్బి ఉన్న కొమ్మ మంచిది.

ఇవన్నీ కింద నిలబడి చూసి నేను ఒక కొమ్మను ఖాయం చేసుకున్నాను. మా తోటలో కొబ్బరికాయలు దించే ఆయనను నిచ్చెన వేసి పైకెక్కి ఒకసారి చూడమని కోరాను. “కొమ్మ మీద కూకుని చూస్తే గానీ కొమ్మ సంగతి తెలవదు బాబూ” అంటూ ఆయన ఎక్కి, కత్తి పిడితో కొమ్మ పొడవునా తట్టుకుంటూ వెళ్ళారు. మొదట్లో గట్టిగా, గంట మీద కొట్టినట్టు పలికిన శబ్దం ఒకచోట ఒక్కసారిగా బొదబొదమంది. ఆయన పిలిస్తే నేనూ ఎక్కి చూశాను. కొమ్మ పై భాగంలో, ఎప్పుడో విరిగిన చిన్న కొమ్మ మోడు దగ్గర, దోసిలి పట్టేంత తొర్ర ఉంది. అందులో నల్లటి నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఆ నీళ్ళలో దోమ పిల్లలు కదులుతున్నాయి. వేలితో నొక్కితే చుట్టూ ఉన్న చెక్క తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది. కింది నుంచి చూస్తే ఆ కొమ్మ బెరడు మీద చిన్న మచ్చ కూడా లేదు. వాన నీళ్ళు నిలిచేది పైనే కాబట్టి కుళ్ళు కూడా పైనుంచే మొదలవుతుందన్నది ఎంత తేలికైన సంగతో, కింద నిలబడిన మనిషికి అంత కనపడని సంగతి. ఆ పక్కనే కొంచెం ఎత్తులో ఉన్న మరో కొమ్మను ఆయన చివరిదాకా తట్టి చూసి బాగుందన్నారు. దాని చుట్టుకొలత 34 అంగుళాలు, నేల నుంచి ఎత్తు సుమారు 14 అడుగులు. ఉయ్యాల వేసినది దానికే.

బరువు విషయంలో చాలామంది పిల్లవాడు ఎన్ని కిలోలో అంతే లెక్క వేసుకుంటారు. కదలకుండా కూర్చున్నప్పుడు ఆ లెక్క సరిపోతుంది. ఊగుతున్నప్పుడు, ఉయ్యాల అన్నిటికంటే కిందికి వచ్చే క్షణంలో, తాళ్ళ మీద పడే లాగు చాలా ఎక్కువ. తాడు నిలువు గీత నుంచి 60 డిగ్రీల దాకా వెళ్ళి వస్తే ఆ లాగు మనిషి బరువుకు రెండింతలు. నేలకు సమాంతరమయ్యేదాకా ఊగితే మూడింతలు. 30 కిలోల పిల్ల గట్టిగా ఊగితే 60 నుంచి 90 కిలోలన్న మాట. పైగా పెరట్లో ఉయ్యాల ఉంటే పిల్లలు మాత్రమే ఎక్కరు. అట్లతద్దికి వచ్చిన ఆడపడుచులు ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి తొక్కుతారు, తొక్కాలి కూడా. ఇద్దరూ కలిసి 130 కిలోలు ఉంటే గట్టి ఊపులో అది 260 దాటి 390 దాకా పోతుంది. మేము ఆ పెద్ద అంకెకు సిద్ధపడి, దాని మీద అయిదు రెట్లు బలముండేలా సామాను కొన్నాము. ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా తగ్గిపోతుందన్నది కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి.

ఇప్పుడు ఈ టపాలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకుంటున్న విషయానికి వస్తాను. తాడును కొమ్మ చుట్టూ బిగించి కట్టకూడదు. మా వీధిలో ఒకరి పెరట్లో వేపకొమ్మకు ఎప్పుడో బట్టలారేయడానికి నైలాను తాడు చుట్టి ముడివేశారు. ఇప్పుడు ఆ తాడు కనిపించదు. కొమ్మ దానిని మింగేసింది. తాడుకు ముందరి భాగం, అంటే ఆకుల వైపు, చేతి కడియం పెట్టినట్టు ఉబ్బిపోయింది. మాను వైపు భాగం సన్నగా ఉండిపోయింది. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పలుచని పొరలో నుంచే. తాడు ఆ పొరను నొక్కేస్తే ఆహారం అక్కడే ఆగిపోయి కొమ్మ ఉబ్బుతుంది, కొన్నేళ్ళకు ఆ కొమ్మ చిక్కిపోతుంది. బరువు మోస్తూ ఊగే తాడు అయితే ఒరిపిడి కూడా తోడవుతుంది. తాడు కింద గోనెపట్టా, సైకిల్ ట్యూబు ముక్క పెడితే ఒరిపిడి తగ్గుతుంది గానీ బిగువు తగ్గదు.

కొమ్మకు నిలువునా బెజ్జం వేసి బోల్టు దించడమే చెట్టుకు మేలు చేసే పద్ధతి. ఈ మాట చెప్పగానే మా ఇంట్లో పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు, పచ్చని చెట్టుకు చిల్లు పెట్టడమేమిటని. వారి బాధ నాకు అర్థమైంది. కానీ చెట్టు గాయాన్ని తట్టుకునే తీరు మన శరీరం తట్టుకునే తీరు కాదు. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను కోసి పరిశీలించి, గాయమైన చెక్కను చెట్టు బాగుచేసుకోదని, దాని చుట్టూ అడ్డుపొరలు కట్టి కుళ్ళును ఆ గదిలోనే బంధించి, పైన కొత్త చెక్కను పెంచుకుంటుందని 1970లలో వివరించాడు. అందుచేత నున్నగా వేసిన ఒక సన్నని బెజ్జాన్ని ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆ మేరకు మూసేసుకుంటుంది. చుట్టూరా బిగుసుకున్న తాడు నుంచి మాత్రం అది తప్పించుకోలేదు. మేము 16 మిల్లీమీటర్ల లావున్న, జింకు పూసిన ఐ బోల్టులు, అంటే ఒక కొసన కన్ను లాంటి గుండ్రని రింగు ఉండే బోల్టులు, రెండు తీసుకున్నాము. దుకాణంలో రెండు రకాలు ఉంటాయి. ఊచను వంచి గుండ్రంగా తిప్పినవి బరువుకు విచ్చుకుంటాయి. కన్ను పూర్తిగా మూసుకుని ఒకే ముక్కగా ఉన్నదే కొనాలి. బోల్టు మందానికి సరిపడే బెజ్జం కొమ్మ మధ్యగా, పై నుంచి కింది దాకా నిటారుగా వేయించి, కన్ను కిందికి వచ్చేలా బోల్టు దించి, పైన వెడల్పాటి వాషరు, దాని మీద రెండు నట్లు బిగించాము. రెండు బెజ్జాల మధ్య దూరం పీట పొడవు కంటే కాస్త ఎక్కువ ఉంచితే ఉయ్యాల పక్కలకు తిరగకుండా నిలకడగా ఊగుతుంది. బోల్టు కన్నుకు డి షాకిల్ (మరతో మూసే, ఇంగ్లీషు డి అక్షరం ఆకారపు ఇనుప కొలికి), దానికి తాడు. తాడు మడత లోపల లోహపు గాడి ముక్క తొడిగితే ఇనుము తాడును కొరకదు.

తాడు మాటకు వస్తే, మా ఉత్తరాంధ్రలో గోగునార తాళ్ళకు కొదవ లేదు. పట్టుకుంటే చేతికి హాయిగా ఉంటుంది, జారదు. కానీ ఒక వానాకాలం గడిచేసరికి లోపలి పురులు చీకిపోతాయి, పైకి మాత్రం తాడు బాగానే కనిపిస్తుంది. కొబ్బరి పీచు తాడు తడికి ఇంకొంచెం ఓర్చుకుంటుంది, అయితే పిల్లల అరచేతులను గీరుతుంది. బజారులో చవకగా దొరికే నీలం, ఆకుపచ్చ ప్లాస్టిక్ తాళ్ళు ఎండకు పెళుసుబారతాయి. చేత్తో రుద్దితే సన్నని పొడి అంటుకుంటోందంటే దాని పని అయిపోయినట్టే. నైలాను బలమైనదే కానీ బరువుకు సాగుతుంది, తడిస్తే కొంత బలం కోల్పోతుంది. ఎండకు ఓర్చుకుని, పెద్దగా సాగని పాలిస్టరు తాడు ఈ పనికి బాగుంటుంది. విశాఖలో చేపలరేవు పరిసరాల్లో పడవల సామాను అమ్మేవారి దగ్గర 16 మిల్లీమీటర్ల అల్లిక తాడు దొరికింది. లావు బలం కోసమే కాదు; పిల్లల గుప్పిట నిండా పట్టు దొరకాలన్నా ఆ మాత్రం లావు ఉండాలి. ముడి విషయంలో జారుముడి అసలే పనికిరాదు. పడవవాళ్ళు వేసే, లాగేకొద్దీ బిగిసినా ఉచ్చు మాత్రం చిన్నదవని ముడి వేసి, చివర జానెడు తోక వదిలి, ఆ తోకను అసలు తాడుకు మళ్ళీ కట్టాము.

పీట మద్దిచెక్కతో చేయించాము. 24 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందం. అంచులన్నీ గుండ్రంగా చిత్రిక పట్టించి అవిసెనూనె రుద్దించాము, ఎందుకంటే ఖాళీగా ఊగి వచ్చే పీట పసివాళ్ళ తలకు తగలడమే ఉయ్యాల దగ్గర తరచుగా జరిగే ప్రమాదం. నాలుగు మూలలా బెజ్జాలు ఉన్నాయి. ఒక్కో వైపు తాడు ఒక బెజ్జంలో దిగి, పీట అడుగున అడ్డంగా వెళ్ళి, అటు చివరి బెజ్జంలో పైకి వస్తుంది. చెక్క ఎప్పుడైనా పగిలినా కూర్చున్నవారిని తాడు పట్టుకునే ఉంటుంది.

ఉయ్యాల సిద్ధమైన సాయంత్రం మా పెద్దమ్మాయి ఊగి దిగి, “నాన్నా, బడిలో ఉయ్యాల చకచకా వస్తుంది, ఇదేమిటి ఇంత నిదానంగా వస్తోంది? తమ్ముడు తేలికగా ఉంటాడు కదా, వాడు ఎక్కితే తొందరగా వస్తుందా?” అని అడిగింది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి గడియారం పట్టుకుని లెక్క పెట్టించాను. ఎవరు కూర్చున్నా ఒకసారి వెళ్ళి రావడానికి దాదాపు నాలుగు సెకన్లే పట్టింది. ఊపు వేగాన్ని నిర్ణయించేది తాడు పొడవు, మనిషి బరువు కాదు. బడిలోని ఇనుప ఉయ్యాల గొలుసు 5 అడుగులు ఉంటే అది రెండున్నర సెకన్లలో తిరిగి వస్తుంది; మాది పన్నెండున్నర అడుగులు. చెట్టు ఉయ్యాలను ఇనుప చట్రం ఉయ్యాల కంటే నేను ఎక్కువగా ఇష్టపడడానికి కారణం ఇదే. పొడవైన తాడు మీద పిల్లలు ఎంతో దూరం వెళ్ళి వస్తారు, కానీ కుదుపు ఉండదు. పైకి వెళ్ళిన కొసన ఒక్క క్షణం ఆగినట్టుండే ఆ సుఖం పొట్టి గొలుసు మీద దొరకదు.

అయితే అంత దూరం ఊగే ఉయ్యాలకు అంత ఖాళీ కూడా కావాలి. అమెరికాలో ఆటస్థలాల భద్రత కోసం అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం ఉయ్యాల వేలాడే ఎత్తుకు రెండింతల దూరం ముందూ వెనకా ఖాళీగా ఉండాలి. మా కొమ్మకు అది 28 అడుగులు. బట్టలుతికే బండను, ఇటుకల దొంతిని అక్కడి నుంచి తీయించి ఆ ఖాళీ సంపాదించాము. నేల మీద ఇసుక పోయించాము. కాళ్ళు రాచుకుని పీట కింద గుంట పడుతుంది కాబట్టి ఇసుకను తరచూ సర్దాలి. ఇందులో చెట్టుకు సంబంధించిన విషయం కూడా ఉంది. నీటినీ గాలినీ తీసుకునే సన్నని వేళ్ళు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. పిల్లల తొక్కిడికి ఆ మట్టి గట్టిపడితే వాటికి ఊపిరి ఆడదు. ఆడే చోటు దాటి మిగిలిన నీడంతా ఎండుటాకులూ కొబ్బరి పొట్టూ పరిచి ఉంచుతున్నాము, మాను మొదలుకు మాత్రం అవి ఆనకుండా చూస్తాము.

తాళ్ళ విషయంలో మాకు ఒక నియమం ఉంది. ఉయ్యాలకు అదనపు తాడు, వేలాడే కొస, చీర ఏదీ ఉండకూడదు. ఇంట్లో చీరతో కట్టిన ఉయ్యాలలో పెద్ద పిల్లలు గిరగిరా తిరుగుతూ ఆడుకుంటుండగా ఆ చీరే మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు మన పత్రికల్లో ఎన్నో చూశాము. మెలితిప్పి వదలడం మా ఉయ్యాల మీద లేదు. చున్నీ తీసి పక్కన పెట్టాకే ఎక్కాలి, జడ పొడవైతే ముడి చుట్టుకోవాలి. ఎవరి వంతు ఎంతసేపన్న తగాదా పిల్లలే తీర్చుకున్నారు: ఒక పాట పూర్తయ్యేదాకా ఒకరి వంతు. పాడేది ఊగేవారు కాదు, వంతు కోసం ఎదురుచూసేవారు, కాబట్టి పాట ఎప్పుడూ కొంచెం తొందరగానే అయిపోతుంది.

వాడకం మొదలుపెట్టే ముందు ఇసుక మూటలు పీట మీద ఒక్కొక్కటే పెంచుకుంటూ పోయి, ఒక రాత్రంతా అలాగే ఉంచి, కొమ్మ మొదట్లో బెరడు చిట్లిందేమోనని చూశాము. ఆ తర్వాత చూపు మానలేదు. నెలకొకసారి షాకిల్ మర, తాడు మడతలు, పీట అడుగు చూస్తాను. తొలకరికి ముందూ, ప్రతి తుపాను తర్వాతా నిచ్చెన వేసి కొమ్మ పైభాగం చూస్తాము; కుక్కగొడుగు లాంటిది మొలిచినా, ఆకులు ఆ కొమ్మకే ముందుగా పండినా, తట్టితే శబ్దం మారినా ఉయ్యాల దించేయాలని నిర్ణయించుకున్నాము. వాషరు అంచు మీదికి బెరడు పెరిగి వస్తే భయపడనక్కరలేదు, దానిని చెక్కి తీయకూడదు. ఫాల్గుణంలో చింతకాయలు దులిపే రోజుల్లో తాళ్ళు విప్పి లోపల పెడతాము. తాడు మాత్రం బాగున్నా బాగోకపోయినా ఏటా అట్లతద్దికి ముందు కొత్తది మార్చాలన్నది మా అమ్మ మాట. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు. దించిన తాడును ముక్కలు చేసి బీర పందిరికీ దూడ పలుపుకీ వాడుతున్నాము. మనిషి బరువు మోసే పనికి మళ్ళీ దానిని వాడము.